గట్టు మీది కోచ్

మా కాలేజీ ఆఫీసు ముందు వరండాలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో ఈత పోటీల్లో గెలిచిన కప్పులు, షీల్డులు కలిపి పద్నాలుగు ఉన్నాయి. ప్రతిదాని కిందా ఇత్తడి రేకు మీద, కోచ్ అని నా పేరు చెక్కి ఉంది. నాకు ఈత రాదు.

వినయంతో అంటున్న మాట కాదిది. కొంచెం వచ్చు, బాగా రాదు అని సర్దుకునే రకం కూడా కాదు. ఛాతీ లోతు నీళ్లలో నిలబెడితే రెండు చేతులా గోడ పట్టుకుని, ఎవరైనా పైకి లాగేదాకా అలాగే ఉంటాను. ఈ సంగతి పదకొండేళ్లు దాచాను. దాచడం వరకే అయితే ఇప్పుడు కూర్చుని రాసేవాణ్ణి కాదు. అంతకంటే పెద్ద సంగతులు దాచుకుని హాయిగా రిటైరైనవాళ్లు నాకు తెలుసు. నా గుట్టు బయటపడకుండా ఉండటానికి నేను ఒకావిడ మీద ఒక కాగితం రాశాను. ఏళ్ల తర్వాత ఆ కాగితం ఫైల్లోంచి లేచి ఆవిడ నౌకరికి అడ్డం పడింది. అందుకే ఇది.

మా నాన్న కోస్తా నుంచి వచ్చి సంగారెడ్డి వైపున్న ప్రభుత్వరంగ కర్మాగారంలో టర్నర్‌గా చేరాడు. నేను ఆ టౌన్‌షిప్ క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగాను, వాలీబాల్ ఆడాను, ఆ ఆట పుణ్యాన వ్యాయామ విద్యలో డిగ్రీ సంపాదించాను. పక్కనే కంది ఊళ్లో పెద్ద విద్యాసంస్థ వచ్చాక చుట్టుపక్కల ప్రతి ప్రైవేటు కాలేజీకీ ఏదో ఒకటి కట్టాలన్న తహతహ పుట్టింది. ఒకరు ఆడిటోరియం కట్టారు. ఒకరు గోపురంలాంటి గేటు కట్టారు. మా కరస్పాండెంట్ స్విమ్మింగ్ పూల్ కట్టించి, ఫిజికల్ డైరెక్టర్ కావాలని ప్రకటన ఇచ్చారు.

ఇంటర్వ్యూలో ఆయన నా సర్టిఫికెట్లు చూడలేదు. నా మాట విని తల ఎత్తారు.

"మీది ఏ ఊరు సారూ?"

"నాన్నగారిది బందరు వైపండీ."

"సముద్రం పక్కన్నే గదా. ఇగ ఈత సంగతి అడుగుడే దండుగ."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో ఉద్యోగం వచ్చింది. నిజానికి మా నాన్న ఊరికి నేను రెండుసార్లు వెళ్లాను. సముద్రంలో చీలమండల దాకా దిగాను. అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుక లాగేసరికి, మా పెదనాన్న చెయ్యి పట్టుకుని కెవ్వుమన్నాను.

పూల్ ఇరవై ఐదు మీటర్ల పొడవు. అక్కడ బోరు వేస్తే నీళ్లు టీ రంగులో వచ్చాయి. అందుకని ట్యాంకర్లతో నింపారు. కాలేజీకి గుర్తింపు ఇచ్చే బృందం వచ్చి, నీలం టైల్స్ చూసి తలలూపి, గట్టు మీద ఫొటో దిగి వెళ్లింది. పూల్ పని అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున ఆరింటికి పద్దెనిమిది మంది ఆడపిల్లలు తువ్వాళ్లు భుజాన వేసుకుని వరసగా నిలబడ్డారు. మగపిల్లలు హైవే పక్కన క్రికెట్ వదిలి రాలేదు. ఆడపిల్లలకు మాత్రం, హాస్టల్ గోడ దాటి ఇంకో చోటికి వెళ్లే అవకాశం అదొక్కటే.

నేను చెవిలో దూది పెట్టుకున్నాను.

చెవిలో చీము అనీ, నీళ్లలో దిగొద్దని డాక్టరు చెప్పాడనీ కథ. ఆ దూది పదకొండేళ్లు ఉంది. మా ఆవిడ టిఫిన్ డబ్బా చేతికిస్తూ "ఇవాళ ఏ చెవి?" అని అడిగేది. ఆవిడకు ఇది మొదట్లో నవ్వులాట. తర్వాత్తర్వాత కూరలోకి ఉప్పు చూసుకున్నట్టు, అలవాటుగా అడిగేది.

నీళ్లలో దిగకుండా ఈత నేర్పడం మీరనుకున్నంత కష్టం కాదు. గోడకు చార్టు తగిలించాను. మెడలో విజిల్, చేతిలో పొడవాటి వెదురు కర్ర. ఫోన్‌లో వీడియోలు చూసి ఒక మాట పట్టుకున్నాను: "మోచెయ్యి! మోచెయ్యి పైకి!" ఎవరు ఎట్లా ఈదుతున్నా ఆ మాట చెల్లుతుంది. ఎవరి మోచెయ్యీ ఎప్పుడూ ఉండాల్సినంత పైకి ఉండదు. పిల్లలు "ఎస్ సార్" అనేవాళ్లు. మూడు నెలలకు అందరూ నడుం లోతులో నిలబడి మోచేతులు అద్భుతంగా ఎత్తడం నేర్చుకున్నారు. ఒక్కరూ తేలలేదు.

అక్కడ గట్టు ఊడ్చే ఆవిడ ఉండేది. హాస్టల్ పిల్లలు ఆయమ్మ అనేవాళ్లు, మేమూ అదే అనేవాళ్లం. నలభై దాటిన మనిషి. సంగారెడ్డి అవతల ఏదో పల్లె. పొలం అమ్ముడుపోయాక కుటుంబమంతా ఇస్నాపూర్‌లో ఒక కిరాయి గదిలో చేరారు. పొద్దున్నే షేర్ ఆటోలో దిగి, గట్టు మీది నీళ్లు వైపర్‌తో నెట్టుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయేది.

ఒకరోజు రెండో సంవత్సరం పిల్ల కాలు జారి లోతు వైపుకు పోయింది. నేను విజిల్ వేశాను. విజిల్ వేస్తే మునిగేవాళ్లు ఆగుతారని నాకెవరూ చెప్పలేదు, అయినా వేశాను. తర్వాత గోడకున్న రబ్బరు ట్యూబు కోసం పరిగెత్తాను. ఎవరూ ఎత్తుకుపోకుండా దానికి గొలుసు వేసి తాళం పెట్టారు. తాళంచెవి ఆఫీసులో. ఆ గొలుసు పట్టుకుని గుంజుతున్నప్పుడు నా వెనక నుంచి ఒక కేక.

"జరుగుండ్రీ!"

ఆ వెంటనే దభీమని నీళ్లు లేచి నా మీద పడ్డాయి. చూసేసరికి ఆయమ్మ చీరతోనే నీళ్లలో ఉంది. ఒక చేత్తో ఆ పిల్ల జడ పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్లు తోసుకుంటూ, కూరగాయల సంచి తెచ్చినంత తేలిగ్గా గట్టుకు తెచ్చింది. పిల్ల దగ్గి, ఏడ్చి, అరగంటలో ఉప్మా తినడానికి వెళ్లింది. నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. ఆయమ్మ కొంగు పిండుకుంటూ దగ్గరికొచ్చింది.

"సారూ, ఒక మాట అడుగుత. కోపం జెయ్యకు."

"అడగమ్మా."

"నీకు ఈత రాదు గదా?"

"చెవి బాగాలేదమ్మా. డాక్టరు..."

"నిన్న గా చెవిల ఉండె దూది. ఇయ్యాల గీ చెవికొచ్చింది."

నేను చెవి తడుముకున్నాను. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది.

"సముద్రం పక్కోళ్లు అంటరు మిమ్ముల. మా దిక్కు బర్లకు గూడ వస్తది సారూ ఈత."

"ఎవరికీ చెప్పకమ్మా."

"చెప్పి ఏం జేస్త? నీ నౌకరి నాకిస్తరా?"

ఆవిడ నేర్చుకున్నది వాళ్ల నాన్న పొలంలోని బావిలో. "మా నాయిన నడుముకు బెండ్లు కట్టి బాయిల ఇసిరేసెటోడు. దినాం ఒక బెండు తీసేసెటోడు. ఆఖరి బెండు ఎన్నడు తీసిండో నాకు తెల్వనే తెల్వది," అంది. ఆ బావి ఇప్పుడు లేదట. పూడ్చి ప్లాట్లు చేశారు.

మర్నాటి నుంచి మా కాలేజీలో ఈత మొదలైంది. ఆయమ్మ హాస్టల్ మెస్‌లోంచి ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాలు తెచ్చి, మూతలు బిగించి, పిల్లల నడుములకు కట్టింది. తను చీర గోచీ పోసి, పైన వాళ్లాయన ఫ్యాక్టరీ చొక్కా వేసుకుని దిగేది. ఈత దుస్తులు లేనివారు నీటిలో దిగరాదు అని బోర్డు రాయించింది నేనే. ఆవిడ దిగే ఆరున్నర, ఏడు మధ్య ఆ బోర్డుకు నేను వీపు తిప్పి నిలబడేవాణ్ణి.

"బిడ్డా, నీళ్లతోని కొట్లాడకు. నీళ్లు నిన్నేమన్నయి?" అనేది ఒకరితో. "గట్ల బిగుసుకుంటవేంది, పెండ్లి సూపులకొచ్చినవా?" అనేది ఇంకొకరితో. రోజుకో డబ్బా తగ్గించింది. నెలన్నరకు పద్దెనిమిది మందీ తేలారు.

బావిలో నేర్చిన మనిషి నేర్పింది కాబట్టి మా పిల్లలకు రెండు అలవాట్లు పట్టాయి. మొదటిది వాళ్లను గెలిపించింది, కానీ అది తర్వాత తెలిసింది. రెండోది ముందు కొంప ముంచింది.

బావిలోకి పైనుంచి దూకేవాళ్లు, దూకేముందు కేక వెయ్యాలి. కింద ఎవరున్నారో కనబడదు కదా. కేక వెయ్యకుండా దూకితే కింద ఈదేవాడి వీపు మీద పడతారు. ఆయమ్మ దృష్టిలో అది ఈతలో మొదటి పాఠం. "ఒర్లకుండ దుంకితే నడుములు ఇరుగుతయి," అని ప్రతి పిల్లతోనూ కేక వేయించాకే దూకనిచ్చేది. పొద్దున్నే మా పూల్ దగ్గర పద్దెనిమిది మంది "జరుగుండ్రీ!" అని అరుస్తూ ఒకరి తర్వాత ఒకరు దూకుతుంటే, అది ఉత్సాహమనుకుని నేను మురిసిపోయాను.

మొదటి అంతర కళాశాలల పోటీ నగరంలో జరిగింది. నలుగురు పిల్లల్ని తీసుకెళ్లాను. ఆయమ్మ రాలేదు, స్వీపరును పోటీలకు పంపే పద్ధతి లేదు. మా మొదటి పిల్ల వంద మీటర్ల పోటీకి దిమ్మె ఎక్కింది. ఎనిమిది మంది వంగి నిలబడ్డారు. పోటీ మొదలుపెట్టే స్టార్టర్ తుపాకీ పైకెత్తాడు. అంత పెద్ద స్టేడియంలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. అప్పుడు మా పిల్ల ఊపిరి నిండా తీసుకుని, మెదక్ దాకా వినపడేట్టు కేక వేసింది.

"జరుగుండ్రీ!"

పక్క లేన్ పిల్ల ఉలిక్కిపడి నీళ్లలో పడింది. ఆ పిల్లను చూసి దాని పక్క పిల్ల దూకింది. స్టార్టర్ చేతిలోంచి తుపాకీ జారింది. మా పిల్లను పోటీ నుంచి తీసేశారు. నేను మిగతా ముగ్గురినీ మూలకు తీసుకుపోయి, నోరు మెదపొద్దని బతిమాలాను. రెండో పిల్ల చాలా బుద్ధిమంతురాలు. కేక దానంతటదే వచ్చేస్తుందేమోనని ఒక చేత్తో నోరు గట్టిగా మూసుకుని, మిగిలిన ఒక్క చేత్తో దూకింది. కడుపు నీళ్లకు తగిలిన చప్పుడు నాకిప్పటికీ గుర్తే. మూడో పిల్ల, నాలుగో పిల్ల భయపడి అసలు దిమ్మె ఎక్కలేదు.

రెఫరీ నా దగ్గరికొచ్చి ఇది ఎవరు నేర్పారని అడిగాడు. నేను మాట దాటేశాను కానీ, నాతో వచ్చిన మా కాలేజీ లెక్చరర్ పక్కనే ఉండి అంతా విన్నాడు. వారం తిరక్కుండా ప్రిన్సిపల్ నుంచి మెమో వచ్చింది. సంజాయిషీ ఇవ్వాలి. నేను ఇచ్చాను. ఇంగ్లీషులో రాశాను, తెలుగులో చెబితే ఇది: "పూల్ దగ్గర పనిచేసే స్వీపరు నాకు తెలియకుండా విద్యార్థినులకు అశాస్త్రీయమైన పద్ధతిలో శిక్షణ ఇచ్చింది. ఆమె వల్ల విద్యార్థినుల ప్రాణానికి ప్రమాదం. ఆమెను నీళ్లకు దూరంగా ఉంచవలసిందిగా మనవి."

ఒక ప్రాణం కాపాడిన మనిషి గురించి ఆ మాట రాయడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. అశాస్త్రీయం అనే మాటకు స్పెల్లింగు చూసుకోవడానికే ఎక్కువసేపు పట్టింది.

ఆయమ్మ నీళ్లలో దిగకూడదని ఆర్డర్ వచ్చింది. నేను వెళ్లి "ప్రిన్సిపల్ రూల్ పెట్టాడమ్మా, నేనేం చెయ్యను" అన్నాను. ఆవిడ నమ్మింది. "గాయనకేం తెల్సు పాపం," అని ఆయన మీద జాలిపడింది కూడా.

కానీ పిల్లల్ని వదల్లేదు. నీళ్లలో దిగొద్దన్నారు కానీ గట్టు ఊడ్చొద్దనలేదు కదా. ఇక అప్పటి నుంచి మా పద్ధతి ఇదీ: నేను విజిల్‌తో గట్టు మీద నడుస్తాను. నా వెనక రెండడుగుల దూరంలో ఆవిడ వైపర్‌తో నడుస్తుంది. తల ఎత్తదు. కానీ పెదవులు కదులుతుంటాయి.

"మూడో పోరి ఊపిరి బిగవట్టింది సారూ. మొఖం సూడు, బూరె లెక్క ఉబ్బింది."

నేను విజిల్ వేసి, "లేన్ త్రీ! బ్రీతింగ్!" అని అరుస్తాను.

"గా ఎర్ర టోపీది గోడ కాడికి వొయ్యి ఆలోచన జేస్తుంది. ముడుసుకొని తన్నమను."

"టర్న్! టక్ అండ్ పుష్!"

"కాళ్లు కత్తెర లెక్క ఆడాలె. గదేంది, సైకిల్ తొక్కుతుంది?"

"కిక్! నేరో కిక్!"

కొన్నాళ్లకు నా ఇంగ్లీషు ఎంత పదునెక్కిందంటే, వేరే కాలేజీల కోచ్‌లు వచ్చి నోట్సు రాసుకునేవాళ్లు. ఒకసారి ఆయమ్మ వాళ్ల మరిది బిడ్డ పెళ్లికని నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆ నాలుగు రోజులూ నేను మోచెయ్యి అని అరిచాను. పిల్లలు నా వైపు జాలిగా చూసి, వాళ్లంతట వాళ్లే ఈదుకున్నారు. వాళ్లకు అంతా తెలుసు. ఒక్కరు కూడా బయట అనలేదు.

ఇక ఆ మొదటి అలవాటు. బావి ఎంత వెడల్పుంటుంది? ఏడెనిమిది బారలు వేస్తే అవతలి గోడ. బావిలో ఈదడమంటే సగం గోడను తన్నుకోవడమే. ఆయమ్మకు గోడ తన్నడంలో ఉన్న నేర్పు నేను వీడియోల్లో కూడా చూడలేదు. దగ్గరికి వెళ్తూనే ఉండచుట్టుకుని, రెండు పాదాలూ గోడకు ఆనించి తన్నిందంటే, వదిలిన బాణంలా సగం దూరం నీళ్ల కిందే పోయేది. అదే పిల్లలకూ వచ్చింది. మా పిల్లలు తిన్నగా ఈదేటప్పుడు అందరికంటే వెనక. గోడ దగ్గర అందరికంటే ముందు. ఇరవై ఐదు మీటర్ల పూల్‌లో నాలుగు వందల మీటర్ల పోటీ పెడితే పదిహేను సార్లు గోడ తగులుతుంది. పదిహేను సార్లు మా పిల్లలు పక్కవాళ్లను కొంచెం కొంచెం మింగేవాళ్లు. పెద్ద పూల్‌లో ఓడిపోయేవాళ్లం, చిన్న పూల్‌లో గెలిచేవాళ్లం. పొట్టి పోటీలో ఆఖరు, పొడుగు పోటీలో మొదలు. ఇందులో ఏదో గొప్ప వ్యూహం ఉందని ఒక పత్రికాయన నన్ను అడిగాడు. "దూరం ఆలోచించే శిక్షణ ఇస్తాం," అన్నాను. అచ్చులో వచ్చింది.

కప్పులు అట్లా వచ్చాయి. శాలువాలు కూడా. పదో కప్పు వచ్చినప్పుడు కాలేజీలో పెద్ద సభ చేశారు. కుర్చీలు వేసింది ఆయమ్మ. సభ అయ్యాక కుర్చీలు తీస్తూ నా శాలువా అంచు పట్టుకుని చూసింది.

"మంచిగున్నది సారూ. మెత్తగ."

నాకు సిగ్గేసి "నువ్వు తీసుకోమ్మా" అన్నాను.

"ఎండకాలంల శాలువనా?" అని నవ్వి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వెళ్లిపోయింది.

ఈ ఏడాది రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. ఊడ్చే పని కొత్త ఏజెన్సీకి ఇచ్చారు. వాళ్లు వయసు మీరినవాళ్లను తీసుకోబోమన్నారు. ఆయమ్మకు ఆ నెలాఖరుతో పని ఆఖరు. అదే నెలలో, ఆడపిల్లలు ఈత కొట్టే వేళల్లో గట్టు మీద ఒక మహిళా లైఫ్‌గార్డు ఉండి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పర్మనెంటు పోస్టు. పరీక్ష పాసైతే చాలు. పిల్లలే దరఖాస్తు నింపి, ఆవిడ చేత సంతకం పెట్టించి ఆఫీసులో ఇచ్చారు.

క్లర్కు ఫైలు తీశాడు. అందులో ఆవిడ గురించి ఉన్నది ఒకే ఒక్క కాగితం. అది చదివి, తెలుగులో చెప్పి, కింద సంతకం ఎవరిదో కూడా చెప్పాడు.

ఆవిడ నేరుగా పూల్ దగ్గరికొచ్చింది. నేను చార్టు దుమ్ము దులుపుతున్నాను.

"సారూ, నా వల్ల పిల్లల పానానికి గండమా?"

నాకు అర్థమైంది. చార్టు వైపే చూస్తూ, "అప్పుడు పరిస్థితి అట్లా వచ్చిందమ్మా" అన్నాను.

"ప్రిన్సిపాల్ అన్నవ్ గదా. ఇన్నేండ్లు గాయనని తిట్టుకున్న నేను."

"నేనిప్పుడు వేరే ఉత్తరం రాస్తాను. బాగా రాస్తాను."

"తప్పైతే నా మీద రాసినవ్. కప్పొస్తే నీ పేరు రాయించుకున్నవ్. గంతే గదా సారూ?"

గొంతు పెంచలేదు. వైపర్ గోడకు ఆనించి వెళ్లిపోయింది. అది జారి కింద పడితే, పదకొండేళ్లలో మొదటిసారి నేను తీసి పెట్టాను.

ఉత్తరం రాశాను. కానీ ఎట్లా రాశానంటే, అందులో నా గుట్టు ఎక్కడా లేదు. ఆవిడ కష్టపడే మనిషి, నిజాయితీపరురాలు, సమయపాలన ఉంది. గట్టు శుభ్రంగా ఉంచుతుంది. పోతిరెడ్డిపల్లిలో మా ఇంట్లో అది మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ కూరగాయలు తరగడం ఆపకుండా, "ఇది పనిమనిషికి ఇచ్చే సర్టిఫికెట్టు" అంది.

పరీక్ష రోజు నగరం నుంచి ఎగ్జామినర్ వచ్చారు. అరవై దాటిన ముస్లిం పెద్దాయన, ఒకప్పుడు పేరున్న ఈతగాడు, తెల్ల గడ్డం, ఇప్పటికీ విరుచుకున్న ఛాతీ. కరస్పాండెంట్, ప్రిన్సిపల్, ఫైలుతో క్లర్కు, గట్టు నిండా పిల్లలు. ఆయమ్మకు పిల్లలు చందా వేసుకుని ఒంటి నిండా కప్పే ఈత దుస్తులు కొనిచ్చారు. ఆవిడ అవి వేసుకుని, పైన చీర కట్టుకుని వచ్చింది.

ఎగ్జామినర్ అన్నారు, "అమ్మా, చీర తీసెయ్యాలె. రూల్ ఉన్నది."

"మునిగెటోడు నేను చీర మార్చుకునేదాంక ఆగుతడా సాబ్?"

ఆయన గడ్డం సవరించుకున్నారు. "బాత్ తో సహీ హై," అని ఒప్పుకుని, ఎనిమిది సార్లు అటూ ఇటూ ఈదమన్నారు. ఆవిడ ఈదింది. గోడ దగ్గర మొదటిసారి మళ్లగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎనిమిదీ అయ్యేదాకా మళ్లీ కూర్చోలేదు.

అప్పుడు ప్రిన్సిపల్ ఫైలు తెరిచాడు. ఈత సంగతి సరే కానీ ఈవిడ మీద కోచ్ రాసిన ఫిర్యాదు ఉందన్నాడు. కరస్పాండెంట్ చదివి నుదురు చిట్లించారు.

"పానాల సంగతి ఇది. మన కోచ్ సారే ప్రమాదం అని రాసిండు. రేపు ఏమన్నైతే జవాబు ఎవరు చెప్పాలె?"

అందరూ నన్ను చూశారు. ఆయమ్మ చూడలేదు. కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"ఆ ఉత్తరం అబద్ధం సార్," అన్నాను. "నాకు ఈత రాదు. ఈ పదకొండేళ్లు పిల్లలకు నేర్పింది ఈవిడే."

 కరస్పాండెంట్ పగలబడి నవ్వారు.

"సూసిండ్రా, పెద్ద మనసంటే గిదీ! ఒక గరీబు మనిషి కోసం తన పేరు గూడ పాడు జేసుకుంటుండు!"

ప్రిన్సిపల్ చప్పట్లు మొదలుపెట్టాడు. క్లర్కు ఫైలు చంకలో పెట్టుకుని మరీ కొట్టాడు. నేను "నిజం సార్, నిజంగా రాదు" అని అరిస్తే చప్పట్లు పెరిగాయి. పదకొండేళ్లు నోట్లో దాచుకున్న నిజం బయటపెడితే, దానికీ నాకే మెప్పు వచ్చింది. వినయానికి ఇంకో శాలువా కప్పుతారేమోనని భయం వేసింది.

ఎగ్జామినర్ చెయ్యెత్తి ఆపారు. "అయ్యా, ఇంకా రెస్క్యూ ఉన్నది. ముంచి తీసే బొమ్మ తెచ్చుడు మర్చిపోయిన. ఎవరన్నా మునగాలె. కానీ ఈత వచ్చినోళ్లు వద్దు, వాళ్లు యాక్టింగ్ జేస్తరు. నాకు తెలిసిపోతది."

గట్టు మీదున్న పిల్లలందరికీ ఈత వచ్చు. అదే చిక్కు. ప్రిన్సిపల్ ఒకడుగు వెనక్కి వేశాడు. క్లర్కు ఫైలును ముందుకు అడ్డం పెట్టుకున్నాడు.

"నేనున్నాను సార్," అన్నాను.

"మీరు కోచ్. కాళ్లు ఆడిస్తరు."

"ఆడించను సార్. ఆడించడం తెలిస్తే కదా."

వాచీ, ఫోను క్లర్కుకు ఇచ్చాను. బూట్లు విప్పాను. లోతు వైపు అంచుకు వెళ్లి నిలబడ్డాను. నీలం టైల్స్ మీద ఎండ కదులుతోంది. ఇన్నేళ్లూ ఆ అంచు మీద నడిచాను కానీ, దాని అవతల ఏముందో ఎప్పుడూ చూడలేదు. వెనక్కి వచ్చేద్దామని నిజంగానే అనుకున్నాను. అప్పటికే ఒక కాలు గాల్లో ఉంది.

కింద చాలా నిశ్శబ్దంగా ఉంది. మెడలోని విజిల్ తేలి నా కళ్ల ముందుకొచ్చింది. మోచెయ్యి పైకెత్తాను. ఏమీ జరగలేదు. రెండోది కూడా ఎత్తాను. పైన వెలుతురు దూరమవుతుంటే, మా ఆవిడ గుర్తొచ్చింది, ప్రావిడెంట్ ఫండు గుర్తొచ్చింది, నోరు తెరిస్తే నీళ్లు వచ్చాయి. తర్వాత కాలర్ మెడకు బిగిసింది. నన్ను ఎవరో పైకి లాగుతున్నారు. నేను కృతజ్ఞతతో ఆ మనిషిని రెండు చేతులా కావలించుకోబోయాను. డొక్కలో మోచేత్తో ఒక్కటి పడింది.

"నన్ను పట్టుకోకు సారూ! ఇద్దరం వోతం. ఎల్లకిల పండు. పండు అంటున్న గదా! ఆకాశం సూడు!"

ఆకాశం చూశాను. గట్టు వెన్నుకు తగిలింది. పిల్లలు లాగారు. తాగిన నీళ్లన్నీ కరస్పాండెంట్ బూట్ల మీద కక్కాను. ఆయన బూట్లు వెనక్కి తీసుకోలేదు. నన్నే చూస్తున్నారు. ఆ మొహంలో నవ్వు లేదు.

"నిజంగనే రాదా?"

ఎగ్జామినర్ నా బదులు జవాబు చెప్పారు, కాగితం మీద మార్కులు వేస్తూ. "ముప్పై ఏండ్లల్ల ఇంత అసలు మునుగుడు నేను సూడలే జనాబ్."

ఆయమ్మకు పోస్టు వచ్చింది. నన్ను తీసెయ్యలేదు. అడ్మిషన్ల సమయం, సంగతి బయటికి పోవద్దని కరస్పాండెంట్ గట్టిగా చెప్పి, నన్ను వాలీబాల్ కోర్టుకు మార్చారు. అక్కడ నాకు పని తెలుసు.

మిగిలింది ఆ కాగితం. చింపేద్దామని వెళ్తే, ఫైల్లో పేజీలకు నంబర్లున్నాయని క్లర్కు ఒప్పుకోలేదు. కావాలంటే దాని కింద ఇంకోటి పెట్టుకోమన్నాడు. రెండు రాత్రులు కూర్చుని రెండు పేజీలు రాశాను. ఇంటర్వ్యూలో ఏమైందీ, నేను ఎందుకు నోరు మూసుకున్నదీ, ఉద్యోగం లేని రోజుల్లో మా ఇంటి పరిస్థితీ, రెఫరీ అడిగినప్పుడు నా గుండె ఎట్లా కొట్టుకున్నదీ, ఇన్నేళ్లూ నేను పడ్డ బాధా, అంతా రాశాను. రాస్తూ ఒకచోట నాకే కళ్లు చెమర్చాయి. ఆఫీసులో ఇచ్చే ముందు ఆయమ్మకు వినిపించడం ధర్మమనుకుని పూల్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయమ్మ లైఫ్‌గార్డు కుర్చీలో కూర్చుని ఉంది. ఎరుపు టీషర్టు, కింద చీర. ఒక పిల్ల చదివి తెలుగులో చెబుతుంటే, నీళ్ల మీది నుంచి చూపు తిప్పకుండా విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"రెండు పేజీలు నీ గురించే ఉన్నది గదా సారూ. నాది యాడున్నది?"

పిల్ల వెతికి ఆఖర్న చూపించింది. నాలుగు లైన్లు.

"గా నాలుగు ఉంచు. కడమది తీసెయ్యి," అంది. అని, నీళ్లలోని ఎవరినో చూసి కేకేసింది, "ఏయ్ బిడ్డా, గోడ కాడ ఏం ముచ్చట? తన్ను!"

నేను ఆఫీసుకు వెళ్లి, అక్కడే క్లర్కు బల్ల మీద తిరిగి రాసిచ్చాను. కోచ్‌గా ఉన్న నాకు ఈత రాదని, పిల్లలకు నేర్పింది ఆమేనని, మునుగుతున్న విద్యార్థినిని కాపాడింది ఆమేనని, ముందు రాసిన ఉత్తరం అబద్ధమని. ఫైల్లో ఇప్పుడున్నది అంతే. తీసేసినదంతా ఎక్కడ పెట్టాలో తెలియక ఇక్కడ రాశాను.